వెన్నుకు వెదురు, భారం కడుపుకు

విరిగిన విల్లును చేతిలోకి తీసుకుంటే చీలిక దాదాపు ఎప్పుడూ వెన్నువైపే కనిపిస్తుంది. గురివైపు తిరిగి ఉండే ముఖం వెన్ను. విలుకాడివైపు ఉండేది కడుపు. నారి లాగినప్పుడు వెన్ను సాగుతుంది, కడుపు నలుగుతుంది. సాగేవైపు ఒక్క పోగు తెగితే దాని భారం పక్క పోగు మీద పడి, కన్ను మూసి తెరిచేలోగా కర్ర రెండు ముక్కలవుతుంది. నలిగేవైపు అంత చప్పుడు చెయ్యదు. సన్నటి అడ్డ ముడతలు పడి ఊరుకుంటుంది. ఈ తేడా వల్లే చేతి విల్లుల తయారీలో శ్రద్ధంతా వెన్ను మీదికి పోయింది. చెక్క విల్లు వెన్నుకు వెదురు బద్ద అంటిస్తే విల్లు బలపడుతుందన్న మాటా అక్కడినుంచే వచ్చింది. ఆ మాటలో అబద్ధం లేదు గాని, ఉన్నది సగం నిజమే. వెదురు విల్లును విరగకుండా కాపాడుతుంది. కాపాడుతూనే భారంలో కొంత కడుపు చెక్క మీదికి నెడుతుంది. కాబట్టి వెదురు వెన్ను విల్లు మంచిచెడ్డలు తేలేది దాని కింద ఉన్న చెక్క దగ్గరేనని నా వాదం. లెక్క, చరిత్ర, వాతావరణం మూడూ అదే చెబుతున్నాయి. ఎదురు చెప్పే ఉదాహరణలు లేకపోలేదు. వాటిలో జపాన్‌ది తేలిగ్గా తోసెయ్యదగ్గది కాదు.

ముందు వెదురు. వృక్షశాస్త్రం లెక్కలో అది గడ్డిజాతి. చెట్టు మానులో వలయాలు పడతాయి, నడిమి నుంచి బెరడు దాకా అడ్డంగా సాగే కిరణాల్లాంటి కణజాలం ఉంటుంది; వెదురులో ఆ రెండూ లేవు. కణుపుకూ కణుపుకూ మధ్య నారపోగులన్నీ నిట్టనిలువుగా నడుస్తాయి. అయితే గోడ మందమంతటా అవి ఒకే దట్టంగా ఉండవు. తొక్కకు ఆనుకుని కిక్కిరిసి ఉంటాయి. లోపలి బోలు వైపు వచ్చేకొద్దీ పలచబడి, వాటి మధ్య మెత్తటి కణజాలం పెరుగుతుంది. ఈ సంగతి మేదరులకు ఒకరు చెప్పనక్కర్లేదు. గాలికి ఊగే బోలు గడకు బలం కావలసింది బయటి అంచునే కాబట్టి నార కూడా అక్కడే చేరింది. తొక్క కిందున్న మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు సాగే బలంలో మంచి చెక్కలకు ఏమాత్రం తీసిపోవు, పైగా కణుపుల నడుమ ఆ పోగులు ఎక్కడా తెగి ఉండవు. చిక్కల్లా కణుపుల దగ్గరే. అక్కడ పోగులు వంకర తిరుగుతాయి, కొన్ని లోపలి అడ్డుగోడలోకి మళ్ళుతాయి. కణుపు ఉబ్బును చిత్రిక పట్టి చదును చేస్తే చూపుకు నున్నగానే ఉంటుంది, కాని తెగేవి సరిగ్గా ఆ మళ్ళిన పోగులే. అందుకే పని తెలిసినవాళ్ళు కణుపు మీది గరుకు అంచును మాత్రం ఆకురాయితో పోగొట్టి, ఉబ్బును ఉబ్బుగానే వదిలేస్తారు. తొక్కలో సిలికా ఉండబట్టి పనిముట్ల పదును త్వరగా పోవడం ఇందులో అదనపు విసుగు.

ఇక కడుపు. కావడి బద్దను భుజానికెత్తుకుంటే దాని పై ముఖం సాగుతుంది, కింది ముఖం నలుగుతుంది. రెంటి నడుమ సాగకా నలగకా ఉండిపోయే తలం ఒకటి ఉంటుంది. దాన్ని తటస్థ తలం అంటారు. ఏ పోగు ఎంత సాగాలో, ఎంత నలగాలో తేల్చేది ఆ తలానికి అది ఉన్న దూరమే. ఒకే చెక్కతో చేసిన విల్లు చేయి, అంటే పిడికి ఒకవైపున వంగే భాగం, 12 మిల్లీమీటర్ల మందం ఉండి, 60 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వంగిందనుకుందాం. తటస్థ తలం సరిగ్గా నడుమ, 6 మి.మీ. దగ్గర ఉంటుంది, వెన్ను 1 శాతం సాగుతుంది, కడుపు 1 శాతం కుదించుకుంటుంది. చెక్కకు ఇది చిన్న సంఖ్య కాదు. పోగు తెగని నిఖార్సయిన చెక్క నిలువునా లాగితే ఎంత ఓర్చుకుంటుందో, నిలువునా నొక్కితే సాధారణంగా అందులో సగానికి అటూ ఇటూగానే ఓర్చుకుంటుంది. అంటే లోపం లేని కర్రలో ముందుగా లొంగేది కడుపే. వెన్ను విరిగేది ఎక్కడో పోగు ఏటవాలుగా బయటికి పోయినచోట, ముడి ఉన్నచోట. ఇప్పుడు ఆ 12 మి.మీ.లో వెన్నువైపు 3 మి.మీ. చెక్క తీసేసి, దానికి రెట్టింపు బిగువున్న వెదురు పెడదాం. బిగువు ఎక్కువున్నది తటస్థ తలాన్ని తనవైపు లాక్కుంటుంది. లెక్క కడితే ఆ తలం వెన్ను నుంచి 5.1 మి.మీ. దగ్గరికి జరుగుతుంది. అదే వంపులో వెన్ను సాగుడు 15 శాతం తగ్గింది, కడుపు నలుగుడు 15 శాతం పెరిగింది. అసలే ఓర్పున్న వెదురుకు పని తేలికైంది. అసలే అంచున ఉన్న చెక్కకు ఇంకొంచెం భారం పడింది.

దీనికి ఎక్కువమంది చెప్పే మందు బద్దను పలచన చెయ్యడం. పిడి దగ్గర 3 మి.మీ., వింటికొప్పుల దగ్గరికి వచ్చేసరికి అందులో సగం అన్నది బాగా వాడుకలో ఉన్న కొలత. పలచన చెయ్యడం తప్పు కాదు గాని, దానికి వస్తున్నంత పేరుకు తగిన ఫలితం అది ఇవ్వదు. పై లెక్కలో వెదురును 1.5 మి.మీ.కి తగ్గించి ఆ మేరకు చెక్కను పెంచితే తటస్థ తలం 5.4 మి.మీ. దగ్గర నిలుస్తుంది. కడుపు మీది అదనపు భారం 15 శాతం నుంచి 10 శాతానికి దిగింది, అంతే. అసలు పనిలో అంత మేలు కూడా దక్కదు, ఎందుకంటే బద్దను పలచన చేసేది లోపలివైపు నుంచి, తొక్కవైపు ముట్టరాదు. తీసేస్తున్నది మెత్తటి భాగం, మిగిలేది అన్నిటికంటే బిగువైన భాగం. వెడల్పు తగ్గిస్తే సంగతి వేరు. 3 మి.మీ. బద్దనే సగం వెడల్పుకు కోస్తే రెట్టింపు బిగువూ సగం వెడల్పూ సరికి సరిపోయి తటస్థ తలం తిరిగి నడుమకు వస్తుంది. సగం అన్నది లెక్క కోసం అన్నమాట. పనిలో విల్లు చేతిని అడ్డంగా కోస్తే కడుపువైపు వెడల్పుగా, వెన్నువైపు ఇరుకుగా ట్రెపీజియంలా కనిపించేట్టు పక్కలు వాల్చితే చాలా మేరకు పని జరుగుతుంది. వెన్ను సాగుడు మళ్ళీ 1 శాతానికి పెరుగుతుంది కదా అంటే పెరుగుతుంది. ఆ మాత్రం ఓర్పు ఉందనే కదా వెదురును తెచ్చింది. బొంగు ఎంపిక కూడా దీన్నిబట్టే సాగాలి. లావుపాటి బొంగు నుంచి తీసిన చదును బద్ద చూడ్డానికి బాగుంటుంది, కడుపు మీద బరువు పెట్టేదీ అదే. సన్నటి బొంగు బద్దకు వీపు గుండ్రంగా ఉంటుంది. లోపల చదును చేసేసరికి అంచులు కత్తివాదరలా మిగులుతాయి, నడుమ గీత మాత్రమే పూర్తి మందంతో నిలుస్తుంది. ఇరుకు చేసే పని సగం బొంగే చేసి పెట్టినట్టు.

ఈ లెక్కకు బలమైన సాక్ష్యం ఇపే చెక్క. దక్షిణ అమెరికాలో పెరిగే ఈ చెక్కనూ వెదురునూ జతచేసిన విల్లులకు గత కొన్ని దశాబ్దాల్లో అమెరికాలో మంచి పేరు వచ్చింది. ఇపే బిగువు గుణకం దాదాపు 22 గిగాపాస్కళ్ళు; అమెరికా ఆదివాసులు తరతరాలుగా విల్లులకు వాడిన ఓసేజ్ ఆరెంజ్ చెక్కది 12కు లోపే. వెదురు పై పొర బిగువు ఇరవై ప్రాంతంలో ఉంటుంది. అంటే ఇపే మీద వెదురు పెడితే తటస్థ తలం దాదాపు కదలదు. ఓసేజ్ మీద పెడితే వెన్నువైపు జరుగుతుంది. ఓసేజ్ నలుగుడుకు బాగా ఓర్చుకునే చెక్క కాబట్టి దాని మీద కూడా చెల్లిపోయింది. మెత్తటి, తేలికపాటి చెక్కల మీద అదే మందం బద్ద పెట్టినప్పుడే కడుపున అడ్డ ముడతలు లేస్తాయి. వెదురు మంచిదా కాదా అన్న చర్చ చాలాసార్లు ఏ చెక్క మీద అన్న ప్రశ్న వెయ్యకుండానే నడుస్తుంది. అక్కడే అది దారి తప్పుతుంది.

చరిత్రలోకి తొంగిచూస్తే పాతకాలపు వాళ్ళు కడుపును ఇంత చిన్నచూపు చూసినట్టు కనిపించదు. 1545లో మునిగిన, 1982లో పైకి తీసిన మేరీ రోజ్ యుద్ధనౌకలో 130కి పైగా చెక్కుచెదరని యూ చెక్క విల్లులు దొరికాయి. యూ మానులో బెరడు కింది లేతచెక్క సాగుడుకు, లోపలి చేవచెక్క నలుగుడుకు పనికొస్తాయి; ఇంగ్లిష్ విల్లుకారులు రెంటి సరిహద్దును విల్లు మందంలో ఉండేట్టు చూసుకుని కర్ర తీశారు. ప్రకృతే అంటించి ఇచ్చిన రెండు పొరల విల్లు అది. అందులో ఎక్కువ మందం చేవదే, అంటే కడుపుదే. ఆసియా మైదానాల కొమ్ము విల్లులో ఈ ఆలోచన ఇంకా తేటగా కనబడుతుంది. వెన్నుకు జంతువుల నరం, నడుమ చెక్క, కడుపుకు కొమ్ము. నరం అతికించడంతో వాళ్ళు ఆగలేదు. నలుగుడుకు తట్టుకునే కొమ్మును వెతికి తెచ్చి కడుపుకు పెట్టారు. కొరియా వాళ్ళ గాక్‌గుంగ్ విల్లులో వెదురు ఉంది, కాని దాని చోటు వెన్ను కాదు; నరానికీ గేదె కొమ్ముకూ నడుమ, సాగుడూ నలుగుడూ తక్కువగా ఉండే గర్భంలో దాన్ని ఉంచారు. ఇరవయ్యో శతాబ్దంలో లెక్కల మనుషులు ఈ రంగంలోకి దిగినప్పుడు తేల్చింది కూడా ఇలాంటిదే. బెల్ ల్యాబ్స్ భౌతికశాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్, పాల్ క్లాప్‌స్టెగ్, ఫారెస్ట్ నాగ్లర్ 1930ల చుట్టూ చేసిన పరిశీలనలు 1947లో ‘ఆర్చరీ: ది టెక్నికల్ సైడ్’ అన్న సంపుటంగా వచ్చాయి. విక్టోరియా కాలపు విల్లు కడుపు గుండ్రంగా ఉండటంవల్ల నలుగుడంతా ఇరుకైన గీత మీద పడుతుందనీ, చదునైన వెడల్పాటి కడుపు మేలనీ వాళ్ళు చూపించారు. గుండ్రని కడుపూ చదును వెన్నూ ఉన్న ఆ పాత రూపానికి వెదురు అంటిస్తే కష్టం రెట్టింపవుతుంది. అలాంటి విల్లులు నేటికీ తయారవుతున్నాయి, బహుశా చూడ్డానికి ముచ్చటగా ఉంటాయని.

ఇప్పుడు జపాన్. అక్కడి పొడవాటి విల్లు యుమి, సుమారు 2.2 మీటర్లు ఉంటుంది. పిడి నడుమ కాకుండా కిందినుంచి మూడోవంతు ఎత్తులో ఉంటుంది. మొదట్లో అది ఒకే కర్ర. హైయన్ యుగం నడుస్తుండగా వెన్నుకు వెదురు అంటించడం మొదలైంది. ఆ తర్వాత కడుపుకూ వెదురు పెట్టారు. మరికొన్నాళ్ళకు పక్కలు కూడా మూశారు. చివరికి లోపలి గర్భంలోకి సైతం నిలువు వెదురు పుల్లలు చేరాయి. క్యుషు దీవిలోని మియాకొనోజో ఊళ్ళో ఈ పని నేటికీ సాగుతోంది. 1994లో జపాన్ ప్రభుత్వం దాన్ని సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. జిగురు పూసిన పొరలను తాడుతో చుట్టి, తాడు కింద వందకు పైగా వెదురు చీలలు దిగ్గొట్టుకుంటూ పోతే, జిగురు ఆరేలోగా విల్లుకు కావలసిన ఒంపు వస్తుంది. ఇక అభ్యంతరం ఇది: కడుపుకు కూడా వెదురే సరిపోతే, వెదురు సాగుడుకే గాని నలుగుడుకు కాదన్న మాట ఎక్కడ నిలిచినట్టు? ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. తొక్కవైపు వెదురు నలుగుడుకు కూడా చాలామంది అనుకునేకంటే బాగా ఓర్చుకుంటుంది. కాని ఆ చరిత్ర నడిచిన తీరు చూడండి. వెన్నుకు మాత్రమే వెదురున్న దశ దగ్గర జపాన్ విల్లుకారులు ఆగలేదు. దాని తర్వాతి అడుగు కడుపుకు దానితో సరితూగేదాన్ని పెట్టడమే. రెండు ముఖాలకూ ఒకే పదార్థం పెడితే తటస్థ తలం మళ్ళీ నడుమకొస్తుంది. పక్కలకు వాళ్ళు వాడే హజే చెక్కనూ, కడుపు వెదురును మంట మీద కాచి గట్టిపరచడాన్నీ కలిపి చూస్తే ఆ సంప్రదాయం కడుపు మీద ఎంత ధ్యాస పెట్టిందో తెలుస్తుంది. ఇంత చేసినా వెదురు యుమికి ఒంపు నిలబెట్టుకోవడం నిత్యం కాపాడవలసిన వ్యవహారమే; విలుకాడు దాన్ని అప్పుడప్పుడూ సరిచేసుకుంటూనే ఉంటాడు.

రెండో అభ్యంతరం మన దేశానిది. అంటింపు లేకుండా ఒట్టి వెదురుతో విల్లు చేసి వేల ఏళ్ళుగా వాడుతుంటే ఈ చెక్క గొడవంతా ఎందుకు? క్రీస్తుపూర్వం 480లో జెర్క్సీస్ సేనలో ఉన్న భారతీయుల చేతుల్లో వెదురుజాతి విల్లులు ఉన్నాయని హెరొడోటస్ రాశాడు. భారత పదాతి విల్లు మనిషంత పొడుగుండేదనీ, కింది కొస నేలకు ఆనించి ఎడమకాలితో అదిమి లాగేవారనీ అరియన్ చెప్పాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆయుధాగారం గురించి చెప్పేచోట తాటి, వెదురు, చెక్క, కొమ్ము అని నాలుగు రకాల విల్లులు కనిపిస్తాయి. భూటాన్‌లో ఇప్పటికీ రెండు వెదురు ముక్కలను పిడి దగ్గర కలిపిన విల్లుతో పోటీలు జరుగుతాయి. మన దేశంలో కూడా ఇండియన్ రౌండ్ అన్న విభాగంలో వెదురు విల్లుతో పోటీ ఉంది; దేశానికి పేరు తెచ్చిన విలుకాళ్ళలో పలువురు మొదట పట్టుకున్నది దాన్నే. ఇదంతా నిజమే. అయితే ఒట్టి వెదురు బద్ద కూడా ఒక రకంగా వెన్ను కట్టిన విల్లే. తొక్కవైపు దట్టమైన నార, లోపలివైపు మెత్తటి కణజాలం. తొక్కను సాగేవైపు పెట్టి వంచితే అది విరగకుండా చాలాదూరం వంగుతుంది, ఎందుకంటే లోపలి మెత్తటి భాగం నలిగి చోటిస్తుంది. ఆ నలిగినది పూర్తిగా తిరిగి లేవదు. విల్లుకు వంపు మిగిలిపోయి బాణం వేగం పడిపోతుంది. మనిషంత పొడవు ఉంచడానికి ఒక కారణం ఇదే అయి ఉండాలి: అదే లాగుడుకు పొడవాటి విల్లు తక్కువగా వంగుతుంది, కడుపు తక్కువగా నలుగుతుంది. పొట్టిగా, వేగంగా, ఏళ్ళ తరబడి ఒంపు చెడకుండా ఉండే విల్లు కావాలంటే ఆ మెత్తటి లోపలి భాగం తీసేసి, దాని చోట నలుగుడుకు ఓర్చుకునే చెక్కను పెట్టాలి. వెదురు వెన్ను విల్లు చేసే పని సరిగ్గా ఇదే. దాన్ని చెక్క విల్లుకు వెదురు తొడుగు అనుకోవడం కంటే వెదురు విల్లుకు చెక్క కడుపు అనుకోవడమే మేలని నాకనిపిస్తుంది.

మూడో అభ్యంతరం ఒంటి కర్ర పక్షంవాళ్ళది. మంచి కర్ర ఎంచుకుని ఒక్క వలయం వెంట వెన్ను తీస్తే ఏ అంటింపూ అక్కర్లేదు. వెన్ను కట్టడం చేతగానివాడి ఊతకర్ర అంటారు వాళ్ళు. డెన్మార్క్‌లోని హోమెగార్డ్ చిత్తడి నేలలో దొరికిన, దాదాపు తొమ్మిదివేల ఏళ్ళనాటి ఎల్మ్ చెక్క విల్లులు వాళ్ళ మాటకు సాక్ష్యం. చలి దేశాల్లో ఆ మాట నిలుస్తుంది. చలికాలం పెరుగుదల ఆగిపోవడం వల్ల అక్కడి కొన్ని చెట్లలో వలయాలు కంటికి స్పష్టంగా కనిపిస్తాయి. చాకు ఒక్కదాని వెంట నడిపించవచ్చు. ఉష్ణమండలంలో చాలా చెట్లకు ఆ సదుపాయం లేదు. వలయాలు మసకగా ఉంటాయి, కొన్ని పొరల పోగు ఒకవైపు, తర్వాతి పొరలది ఇంకోవైపు మెలి తిరిగి పెనవేసుకుపోయి ఉంటుంది. టేకు లాంటి మినహాయింపులు లేకపోలేదు. పోగు పెనవేసుకున్న చెక్క నలుగుడులో ఎంత గట్టిదైనా వెన్ను మాత్రం నమ్మదగ్గది కాదు, ఎటు కోసినా పోగు తెగుతుంది. తెగని పోగు ఒకటి విడిగా తెచ్చి పెట్టుకోవడం అక్కడ తెలివైన పనే. ఇంగ్లండులో అనవసరం అనిపించేది ఈ నేల మీద అవసరం కావచ్చు.

జిగురు గురించి చెప్పుకునే భయాల్లో చాలా వాటికి ఆధారం తక్కువ. పొరల మధ్య జారిపోయేట్టు పనిచేసే కోతబలం విల్లు లాంటి సన్నటి పొడవాటి దూలంలో స్వల్పం. 12 మి.మీ. మందం, 75 సెం.మీ. పొడవున్న చేతిలో అది వంపు ఒత్తిడిలో 1 శాతానికి కూడా రాదు; చేయి కొసకు సన్నబడటం వల్ల కొంత పెరిగినా చిన్నదే. పొరలు విడిపోయిన విల్లుల్లో నేరం చాలావరకు లాగుడుది కాదు. బద్ద లోపలి ముఖం సరిగా చదును కాకపోవడం, జిడ్డు చేతులు, బిగింపులు మరీ గట్టిగా బిగించి జిగురంతా బయటికి తోసెయ్యడం, ఎండలో నిలబెట్టిన కారులో వదిలెయ్యడం, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. రెండు పొరలనూ ఎదురు ఒంపులో బిగించి అంటించే పద్ధతికి మాత్రం ఒక ముక్క ఎక్కువ రాయాలి. ఒంపు దిశకు వ్యతిరేకంగా వంచి అంటిస్తే బద్ద పై ముఖం ముందే కాస్త నొక్కుకుని ఉంటుంది, చెక్క కడుపు ముఖం ముందే కాస్త సాగి ఉంటుంది. లాగినప్పుడు రెండూ ముందు సున్నాకు వచ్చి ఆ తర్వాతే భారం మొయ్యడం మొదలుపెడతాయి. కడుపుకు ఇది నిజమైన ఉపకారం. కాని అంటించాక కడుపును లోతుగా గీకి ఒంపు దిద్దితే, ముందుగా సాగి ఉన్న ఆ పొరే పొట్టుగా రాలిపోతుంది. ఈ పద్ధతి ఫలించాలంటే చెక్కను అంటించకముందే కావలసిన మందానికి దాదాపుగా దించుకోవాలి. తర్వాత గీకేది చిటికెడే అయి ఉండాలి. మందంలో చిన్న తేడా ఎంత పెద్దదో తెలియాలంటే ఈ లెక్క చాలు: బిగువు మందం ఘనాన్నిబట్టి మారుతుంది, 12 మి.మీ.లో ఒక్క మిల్లీమీటరు తీస్తే బిగువులో 23 శాతం పోతుంది.

వాతావరణం విషయంలో మన కోస్తా విల్లుకారుడికి అమెరికా పుస్తకాలు సగమే పనికొస్తాయి. గాలిలో తేమ 50 శాతం ఉన్నచోట ఆరిన చెక్కలో తేమ 9 శాతం దగ్గర నిలుస్తుంది; 80 శాతం ఉన్నచోట 15, 16 శాతానికి చేరుతుంది. విశాఖ, మచిలీపట్నం వైపు వానాకాలంలో రెండోదే మామూలు. తేమ ఒక్కో శాతం పెరిగేకొద్దీ చెక్క నలుగుడు బలం సుమారు 5 శాతం చొప్పున తగ్గుతుంది. సాగుడు బలం అంతగా తగ్గదు. ఆరు శాతం తేమ ఎక్కిన విల్లుకు కడుపు బలంలో నాలుగోవంతు దాకా కోతపడుతుందన్నమాట. వేసవిలో ముడత పడని విల్లు శ్రావణంలో పడటానికి కారణం ఇదే. వెన్ను మీద ఎంత వెదురు పేర్చినా దీనికి మందు కాదు. నిజానికి కడుపు మరింత ఇరుకున పడుతుంది. తేమ ప్రాంతంలో వాడే విల్లుకు కడుపును కాస్త వెడల్పుగా, చేతుల్ని కాస్త పొడుగ్గా చేసి, లక్క లాంటి పూతతో కర్రను మూసెయ్యడమే దారి. వెదురుకు తేమకన్నా పుచ్చు భయం ఎక్కువ. లోపలి పిండిపదార్థం కోసం వచ్చే పురుగు బద్దను పొడిపొడి చేస్తుంది. అందుకే మూడు నాలుగేళ్ళు ముదిరిన గడనే కొట్టాలి, నీళ్ళలో నానబెట్టి పిండి కరిగేదాకా ఉంచాలి.

ఫైబర్ గ్లాస్ వచ్చాక ఇదంతా పాతపాట కాదా అనేవాళ్ళకు పోటీల వరకైతే అవుననే చెప్పాలి. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతో. అక్కడ వెదురు వెన్నుకు చోటు లేదు. కాని గ్లాసు వచ్చిన తీరు కూడా గమనించదగ్గదే. చేతి విల్లులకు గ్లాసు నిలకడగా పనికొచ్చింది వెన్నుకూ కడుపుకూ రెండింటికీ పెట్టినప్పుడే. వెన్నుకు మాత్రమే పెడితే, అంత బిగువైన పొర కింద చెక్క కడుపు నలిగిపోయేది. వెదురు మీద నేను చెబుతున్న ఫిర్యాదే అది, ఇంకా పెద్ద మోతాదులో.

ఇక మన దగ్గర కడుపుకు ఏ చెక్క? ఇపే దారి ఇరుకవుతోంది. ఆ జాతి చెట్లు 2024 నవంబరు నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలోకి వచ్చాయి. ఎర్రచందనం దట్టంగా, గట్టిగా ఉంటుంది గాని అదీ అదే అనుబంధంలో ఉంది; శేషాచలం మీద ఇంకో కన్ను పడకపోవడమే మంచిది. ఉత్తరాదివాళ్ళు ధామన్ అనే చరచి చెక్కకు గొడ్డలి కాములుగా, బరువులు మోసే కర్రలుగా పేరుంది. వంగి లేవడం దాని గుణం. బండి చక్రాలకూ నాగళ్ళకూ వాడే నల్లతుమ్మ ఇంకా బరువైనది, నలుగుడుకు మొండిది, పైగా చెరువు గట్టు మీద దొరుకుతుంది. నిలువు పోగున్న పొడవాటి ముక్క దొరకడమే అందులో కష్టం. వెన్ను బాధ్యత వెదురు తీసుకుంటుంది కనుక ఆ కష్టాన్ని కొంతవరకు సహించవచ్చు. వెదురు కొరత లేదు. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది; 2017లో 1927 నాటి అటవీ చట్టాన్ని సవరించి అడవి కాని నేలల్లో పెరిగిన వెదురును చెట్టు అన్న నిర్వచనం నుంచి తప్పించారు. నల్లమల ఎండు కొండల మీద పెరిగే సాధనపు వెదురు గోడ మందంగా, కొన్నిచోట్ల దాదాపు బోలు లేకుండా ఉంటుంది; గడ సన్నం కాబట్టి బద్ద వీపు గుండ్రంగా వస్తుంది. ఇరుకు వెన్నుకు అది అతికినట్టు సరిపోతుంది. తేలవలసింది చెక్క. నల్లతుమ్మ, చరచి ముక్కలను ఒకే కొలతకు చిత్రిక పట్టి, ఒకే వ్యాసార్ధానికి వంచి, ఒక జతను 9 శాతం తేమ దగ్గర, ఇంకో జతను 15 శాతం దగ్గర గంటసేపు అలాగే బిగించి వదిలి, ఎంత వంపు మిగిలిందో కొలిస్తే చాలు. తక్కువ మిగిలిన చెక్కకు పూర్తి వెడల్పు బద్ద పెట్టుకోవచ్చు, ఎక్కువ మిగిలినదానికి పక్కలు వాల్చాలి.